కొట్టిన కంప మళ్ళీ చిగిర్చిన పొలం: పడమటి చిత్తూరు జిల్లాలో తొమ్మిది ఎకరాల కేసు

నేపథ్యం

ఈ కేసు చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లోని ఒక ఊరిది. రైతు ఎవరో తెలియకూడదని ఊరి పేరు, సర్వే వివరాలు, మిషన్లు ఎవరివన్నదీ వదిలేశాను. నేల తీరు, పని జరిగిన వరుస, లెక్కలు మాత్రం నా నోటుపుస్తకంలో ఉన్నట్టే రాస్తున్నాను. బీడు భూములు బాగుచేసే పనికి మిషన్లు పెట్టించడం, పని జరిగినన్నాళ్ళూ వాటి బాగోగులు చూసుకోవడం నా వృత్తి. ఈ పొలంలో ఆ రెండు పనులూ ఒకదానితో ఒకటి ఎంతగా ముడిపడి ఉన్నాయో నాకు స్పష్టంగా కనిపించింది కాబట్టి దీన్ని పూర్తిగా రాసిపెడుతున్నాను.

పొలం 9 ఎకరాలు. పైన ఎర్ర గరప నేల, అడుగు దాటితే గరుసు, అక్కడక్కడ సగం పైకి తేలిన రాతి గుండ్లు. దక్షిణాన ఉన్న వంక వైపు ఒక మోస్తరు వాలు ఉంది. ఒకప్పుడు అవి వేరుశనగ పండిన కయ్యలు. బోరు ఎండిపోయి, కొడుకులు పనులకోసం బెంగళూరు వెళ్ళిపోయాక పదిహేనేళ్ళు సేద్యం లేక బీడుపడి, మొత్తం సర్కారు తుమ్మతో నిండిపోయింది. మా వైపు ఊరికే కంప అంటే ఇప్పుడు ఆ చెట్టే. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలకు చెందిన ఈ చెట్టును 1870ల చివర్లో మన పొరుగునే, కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో, వంటచెరకు కోసం నాటారు. ఎన్నిసార్లు నరికినా మళ్ళీ చిగురించే గుణం ఉంది కాబట్టే అది వంటచెరకుకు పనికొచ్చింది. ఇప్పుడు పొలంలో మనం పోరాడుతున్నదీ అదే గుణంతో.

రైతు అక్కడ బెంగళూర మామిడి పెట్టాలనుకున్నారు. మొక్కకూ మొక్కకూ, వరుసకూ వరుసకూ 10 మీటర్ల దూరం, అంటే ఎకరాకు 40 మొక్కలు.

వచ్చిన సమస్య

నన్ను పిలిచింది ఆగస్టులో. అంతకుముందు ఏప్రిల్‌లోనే రైతు టైర్ల మిషన్ (జేసీబీ) ఒకదాన్ని గంట లెక్కన పిలిపించి పొలమంతా కొట్టించారు. ఆ పని ముగిసిన రోజున పొలం ఊడ్చిన వాకిలిలా ఉందని ఊరివాళ్ళు చెప్పారు. నేను వెళ్ళేసరికి ప్రతి మోడు చుట్టూ ఎనిమిది పది చిగుళ్ళు మోకాలెత్తుకు లేచి ఉన్నాయి. కొట్టకముందు ఒక్కో చెట్టుకు ఒకటో రెండో కాండాలుండేవి. కొట్టించాక అవి పొదలయ్యాయి.

రైతు నన్ను అడిగిన మొదటి మాట ఇది: "నాయనా, పోయిన తూరి మీటరు ముప్పై గంటలు తిరిగింది. ఈ తూరి ఎన్ని గంటల్లో అయిపోతుందో చెప్పు." ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేదు. గంటలు తెలియాలంటే ముందు ఆ ముప్పై గంటల్లో ఏం జరిగిందో తెలియాలి.

గడ్డపారతో నాలుగు మోళ్ళ చుట్టూ తవ్వి చూశాను. అన్నింటిలోనూ ఒకటే తీరు. కాండం నేల మట్టానికి తెగింది, దాని కింద కాండం వేరుతో కలిసే గడ్డ చెక్కుచెదరకుండా ఉంది. ఈ చెట్టుకు చిగుళ్ళు పుట్టే కళ్ళు ఆ గడ్డ మీదే, నేలకు కొద్దిగా కింద ఉంటాయి. పైన ఎంత నున్నగా గీకినా ఆ గడ్డ మిగిలితే చెట్టు మిగిలినట్టే. ఆ గడ్డతో పాటు కనీసం అడుగు లోతు వరకు వేరు బయటికి వస్తే, అంతకంటే లోతున మిగిలిన వేరు నుంచి మళ్ళీ మొలక రావడం చాలా అరుదు.

రెండో నష్టం అంతకంటే పెద్దది. మిషన్ ముందు బకెట్‌తో తోసిన కంపతో పాటు పైమన్ను కూడా గట్టు వెంట కుప్పలుగా చేరింది. వేపచెట్టు కింద కదలని నేలతో పోల్చి చూస్తే పొలం మధ్య నేల దాదాపు 5 సెంటీమీటర్లు దిగింది. 5 సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. ఒక ఎకరం 4,047 చదరపు మీటర్లు. అందులో 5 సెంటీమీటర్ల మన్ను అంటే 200 ఘనపు మీటర్లు, తూకంలో సుమారు 300 టన్నులు. పంటకు బలమిచ్చేదంతా ఆ పొరలోనే ఉంటుంది. దాన్ని డీజిల్ పోసి మరీ గట్టుకు చేర్చారు. బోసిపోయిన నేల మీద జూలై వాన పడి, వాలు వెంట వంక దాకా మోకాలి లోతు గండి ఒకటి కోసుకుపోయింది.

తప్పు టైర్ల మిషన్‌ది కాదు. కాలువ తీయడానికి, మన్ను ఎత్తడానికి, గట్టు వేయడానికి అది చక్కటి మిషన్. మిషన్ నడిపిన అబ్బాయిని తప్పుపట్టడమూ న్యాయం కాదు. గంటకింత అని మాట్లాడుకున్నాక, రైతు గట్టు మీద నిలబడి మీటరు చూస్తూ ఉంటే, ఒక్కో మోడు దగ్గర ఆగి లోతుకు దిగే ధైర్యం ఎవరికీ ఉండదు. పైన శుభ్రంగా కనిపించేలా తోసుకుంటూ పోవడమే ఆ కొలతకు తగిన పని. దీనికి తోడు ఏప్రిల్‌లో నేల బండలా ఉంటుంది, లాగితే వేరు రాదు, తెగుతుంది.

చేసి చూసినవి, ఫలించనివి

మొదట నేను ఖర్చు తక్కువయ్యే దారి ఎంచుకున్నాను. చిగుళ్ళు లేతగా ఉన్నాయి కాబట్టి ట్రాక్టరుకు రోటవేటర్ కట్టి రెండు మూడు సార్లు తిప్పితే గడ్డలోని బలం అడుగంటుతుందని అనుకున్నాను. అర ఎకరంలో చేసి చూశాం. పాత మోళ్ళు తగిలి బ్లేడ్లు వంగిపోయాయి, రెండు విరిగాయి. మూడు వారాల తర్వాత చిగుళ్ళు యథాతథంగా లేచాయి. పదిహేనేళ్ళ వేరులో దాచుకున్న బలం రెండు మూడు కోతలకు తీరేది కాదని నాకు ముందే తట్టాల్సింది. విత్తనం నుంచి మొలిచిన లేత మొక్కలకు పనికొచ్చే ఉపాయాన్ని ముదురు మోళ్ళ మీద వాడాను. అర ఎకరంతో ఆగాం కాబట్టి నష్టం చిన్నదే.

మోళ్ళ మీద వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోయమని పక్క పొలం వాళ్ళు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. నేల కింది కళ్ళకు అది చేరదు. చేరిన మేరకు, రేపు మామిడి వేరు దిగాల్సిన మన్నునే పాడుచేస్తుంది.

తర్వాత 20 టన్నుల చైన్ మిషన్ తెప్పించాను. ఊళ్ళో అందరూ హిటాచీ అని పిలిచే రకం. బలం ఎక్కువ కాబట్టి రెండడుగుల లోతున నేలంతా తిరగేస్తే ఒక్క గడ్డ కూడా మిగలదన్నది నా ఆలోచన. సగం పూట నడిచేసరికి ఆపించాను. గడ్డలైతే వచ్చాయి, కానీ కింద ఉన్న గరుసు పైకొచ్చి, మిగిలి ఉన్న కాస్త ఎర్రమన్ను దాని కింద పడింది. కంప పోయి, సేద్యానికి పనికిరాని నేల మిగిలేది. పెద్ద బకెట్ ఒక మోడు కోసం దిగితే దాని చుట్టూ ఉన్న బండెడు మన్నును కూడా తెస్తుంది. ఇక్కడ కావలసింది మోడును మాత్రమే పట్టి తీసే సన్నని పని.

కాబట్టి ఏడెనిమిది టన్నుల చిన్న చైన్ మిషన్‌కు మారాం. చైన్ మీద నడుస్తుంది కాబట్టి ముళ్ళకు పంక్చర్ల బాధ లేదు. బకెట్ చిన్నది, పళ్ళు పదునుగా ఉన్నాయి. పని మొదలుపెట్టేముందు రైతునూ మరో ఇద్దరినీ తీసుకుని, చేతికర్రలతో పొలమంతా అడుగడుగునా నడిచాం. ఆ నడకలోనే ఈశాన్య మూలలో పొదల మధ్య గోడ కూలిపోయిన పాత కపిల బావి కనిపించింది. ఏప్రిల్‌లో వచ్చిన టైర్ల మిషన్ దాని అంచుకు పది అడుగుల దూరం దాకా వెళ్ళిన జాడ ఉంది. బావి చుట్టూ చాలా దూరం వదిలి కర్రలు పాతి ఎర్రగుడ్డలు కట్టించాను. మా జిల్లాలో ఏ బీడు పొలంలోనైనా ఇలాంటి బావి ఉండొచ్చని అనుకునే పని మొదలుపెట్టాలి. అదే నడకలో ఉంచాల్సిన చింత, వేప, కానుగ చెట్లకు సున్నం గుర్తులు వేశాం. గట్టు మీద రెండు ఎర్రచందనం మొక్కలు కనబడితే వాటి దగ్గరికి మిషన్ పోకూడదని గట్టిగా చెప్పాను. పట్టా భూమిలో మొలిచినా అటవీశాఖ అనుమతి లేకుండా వాటిని ముట్టుకోకూడదు.

మిషన్ వేడెక్కడం

చిన్న మిషన్‌తో పని మొదలైన మూడో రోజు మధ్యాహ్నం ఇంజిన్ వేడి ముల్లు ఎర్రగీత దగ్గరికి చేరింది. కాసేపు ఆపి చల్లబడ్డాక మొదలుపెడితే గంటలో మళ్ళీ అదే స్థితి. ఆపరేటర్ నీళ్ళు తగ్గాయేమో అనుకున్నాడు, కానీ సరిగానే ఉన్నాయి. ఫ్యాన్ బెల్టు బిగువుగానే ఉంది. ఇంజిన్ వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ పోయిందని మెకానిక్ అనుమానపడితే కొత్తది వేయించాం. మర్నాడు మధ్యాహ్నానికి వేడి మళ్ళీ పైకెక్కింది. ఒక పూట పని, ఒక థర్మోస్టాట్ వృథా అయ్యాయి.

ఆ రోజు ఆపరేటర్ మాటవరసకు అన్న ఒక సంగతి దారి చూపింది: మధ్యాహ్నం అయ్యేసరికి బూమ్, అంటే బకెట్‌ను ఎత్తే మిషన్ చేయి, నీరసంగా లేస్తోందట. ఆ చేతిని కదిలించే హైడ్రాలిక్ ఆయిల్ బాగా వేడెక్కితే పలచబడి బలం తగ్గుతుంది. ఇంజిన్ నీళ్ళకూ హైడ్రాలిక్ ఆయిల్‌కూ దారులు వేరు, పంపులు వేరు. రెండూ ఒకేసారి వేడెక్కుతున్నాయంటే తప్పు రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాంట్లోనే ఉండాలి. ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, వాటి గుండా ఫ్యాన్ లాగే గాలి.

రేడియేటర్ బయటి ముఖం శుభ్రంగానే కనిపించింది. అక్కడే అందరం మోసపోయాం. ఆయిల్ కూలర్‌ను సడలించి పక్కకు జరిపితే, దానికీ రేడియేటర్‌కూ మధ్య సందులో వేలు మందాన తుమ్మాకు, ఎర్రదుమ్ము కలిసి చాపలా పేరుకుని ఉంది. సర్కారు తుమ్మ ఆకు చింతాకు కంటే సన్నటి రెబ్బలుగా ఉంటుంది. చెట్టును కదిపినప్పుడల్లా ఊకలా రాలి, గాలితో పాటు లోపలికి పోయి, జాలీలను దాటి సందుల్లో ఇరుక్కుంటుంది. పెద్ద ఆకుల చెట్లున్న చోట పనిచేసే మిషన్‌కు ఇంత త్వరగా ఈ జబ్బు రాదు. అదే ఊక ఎగ్జాస్ట్ దగ్గర చేరితే నిప్పు కూడా అంటుకుంటుంది.

నీళ్ళ పైపుతో కడగబోతే ఆపాను. దుమ్ము తడిసి బురదై రెక్కల మధ్య గట్టిపడుతుంది. గాలి లోపలికి వచ్చే దిక్కుకు ఎదురుగా, అంటే ఇంజిన్ వైపు నుంచి బయటికి, కంప్రెసర్ గాలిని రెక్కలు వంగనంత తక్కువ ఒత్తిడితో కొట్టించాను. ఆ మధ్యాహ్నం ముల్లు సగం దాటలేదు.

ఇక్కడ నేను అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. మిషన్‌తో వచ్చిన పుస్తకం ప్రకారం రోజూ చూడాల్సిన రేడియేటర్‌ను మూడు రోజులు ఎందుకు చూడలేదు? ఆపరేటర్ దాచకుండా చెప్పాడు: మిషన్ ఆపితే మీటరు ఆగుతుంది, మీటరు ఆగితే డబ్బు ఆగుతుంది. ఏప్రిల్‌లో మోళ్ళను నేలలో మిగిల్చిన కారణమే ఇప్పుడు రేడియేటర్‌ను మూసేసింది. నేను కూడా గంట లెక్కనే మాట్లాడుకుని వచ్చాను.

ఫలించినది

పని రెండు రోజులు ఆపి ఒప్పందం మార్చాం. మామిడి దూరం ఎలాగూ 10 మీటర్లు కాబట్టి పొలాన్ని ముందే 10 మీటర్ల చదరాలుగా గుర్తులు వేశాం. ఒక్కో గడి ఒక్కో మామిడి మొక్కకు చోటు. కూలి గడికి ఇంత అని తీర్మానించాం. గడి పూర్తయిందనడానికి పరీక్ష ఒక్కటే: అందులోని మోళ్ళన్నీ గడ్డతో, కనీసం అడుగు వేరుతో గట్టు మీద కనిపించాలి. ఇక ఉదయం మిషన్ సంరక్షణకు పట్టే గంటకు, మీటరు తిరగకపోయినా, విడిగా కూలి ఇవ్వాలన్నాను. పని చేయని గంటకు డబ్బెందుకని రైతు ఒక పూట ఆలోచించారు. వృథా అయిన థర్మోస్టాట్ లెక్క చూపించాక ఒప్పుకున్నారు.

ఆ గంటలో జరిగేవి ఇవి. రేడియేటర్, ఆయిల్ కూలర్ సందుల్లో గాలి కొట్టడం. డీజిల్ ఫిల్టర్ కింద చేరిన నీటిని వదలడం, ట్యాంకు మాత్రం సాయంత్రమే నింపిపెట్టడం, ఖాళీ ట్యాంకులో రాత్రి చెమ్మ పట్టకుండా. బూమ్, బకెట్ పిన్నులన్నింటికీ పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొత్తది ఎక్కించడం. ఎయిర్ ఫిల్టర్ బయటి దాన్ని మాత్రమే శుభ్రం చేయడం; లోపలి దాన్ని దులపకూడదు, పాడైతే మార్చాలి. హోస్‌లకు ముళ్ళ గీతలు పడ్డాయేమో చూడటం. చైన్ సందుల్లోని రాళ్ళు తీసి, దాని వదులు కొలవడం. చైన్ మరీ వదులైతే గుండ్ల మధ్య తిరిగేటప్పుడు ఊడుతుంది, మరీ బిగువైతే రోలర్లూ పళ్ళచక్రమూ త్వరగా అరుగుతాయి. నిలబడిన చోటే గిర్రున తిరగకుండా కొంచెం ముందుకు నడిపి మలుపు తీసుకోవాలని ఆపరేటర్‌కు చెప్పాను. గట్టి నేల మీద ఒక్కచోట తిరిగే మలుపు చైన్‌కు పెద్ద శిక్ష.

కాలాన్నీ మార్చాం. మా ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాల వానలు కూడా ఉంటాయి. చిత్త, స్వాతి కార్తెల్లో, వానకూ వానకూ మధ్య నేల ఆరిన రోజులనే ఎంచుకున్నాం. అరచేతిలో మన్ను పిడికిలి పడితే ముద్దగా నిలవాలి, వేలితో నొక్కితే పగలాలి. అంతకంటే తడిగా ఉంటే చైన్ కింద నేల అణిగి గట్టిపడుతుంది, పొడిగా ఉంటే వేరు తెగుతుంది. ఆ పదునులో బకెట్ పన్ను మోడుకు ఒక పక్కన అడుగున్నర లోతుకు దించి, బకెట్‌ను మాత్రం ముడుస్తూ ఎత్తితే గడ్డ వేరుతో సహా వచ్చేది. మిషన్‌ను వెనక్కి నడిపి లాగడం పూర్తిగా మానిపించాను. వచ్చిన మోడును అక్కడే రెండుసార్లు విదిల్చి, మన్ను అదే గుంటలో రాలాకే పక్కన పెట్టాలి. ఈ విదిలింపు వల్లే పైమన్ను పొలంలో నిలిచింది. మోళ్ళను వాలుకు అడ్డంగా వరుసలు వేశాం, అవి ఎండేదాకా వాన నీటికి అడ్డుకట్టలుగా పనికొచ్చాయి. తర్వాత బొగ్గు కాల్చేవాళ్ళు వచ్చి కొనుక్కుపోయారు. గండికి, పొలంలో దొరికిన రాళ్ళతోనే మూడు చోట్ల అడ్డుకట్టలు పేర్చాం. పెద్ద గుండ్లను కదపలేదు.

గట్టు వెంట ఉన్న మన్ను కుప్పల విషయంలో చాలా తటపటాయించాను. అందులో బలముంది, కంప విత్తనాలూ ఉన్నాయి. వెనక్కి పరిస్తే ఆ విత్తనాలు పొలమంతా మొలుస్తాయి. పరవకపోతే గరుసు మీద మామిడి పెట్టాలి. చివరికి పరచి, మొలకలు రానిచ్చి, అవి జానెడెత్తు ఉండగానే గుంటక తోలించాం. మొదట్లో మోళ్ళ మీద విఫలమైన కోత లేత మొలకల మీద ఫలించింది. అయితే ఒక కుప్పను ఏప్రిల్‌లోనే కంపతో కలిపి కాల్చేశారు. ఆ మన్ను ఇటుకపొడిలా మారింది, దానితో ఏమీ చేయలేకపోయాం.

ఫలితం, పాఠాలు

ఏడున్నర ఎకరాల్లో 300 గడులు పూర్తయ్యాయి. మరుసటి ఏడాది మృగశిర వానల తర్వాత ఒక్కో గడి తిరిగి లెక్కించాను. 41 గడుల్లో మళ్ళీ చిగుళ్ళున్నాయి. వాటిలో ఎక్కువ భాగం గుండ్ల పక్కన, బకెట్ పన్ను దిగలేని చోట. మిషన్ ఉన్నప్పుడే ఆ చోట్లకు ఇద్దరు కూలీలను గడ్డపారలతో పెట్టి ఉంటే ఆ పని అప్పుడే ముగిసేది. తర్వాత విడిగా పెట్టించాల్సి వచ్చింది. బోరు నుంచి వచ్చే పాత భూగర్భ పైపు సంగతి రైతు మరిచిపోవడంతో ఒకచోట పగిలింది. ఇప్పుడు నేను నడక రోజునే పైపులు, కేబుళ్ళు, పైన పోయే కరెంటు తీగల గురించి విడిగా అడిగి రాసుకుంటున్నాను.

గంట లెక్కన ఒప్పందాలు నేను పూర్తిగా మానలేదు. గట్టు వేయడం, కాలువ తీయడం లాంటి పనుల్లో ఫలితం కళ్ళముందే కనిపిస్తుంది, అక్కడ గంట లెక్క సరిపోతుంది. కంప తీసే పనిలో ఫలితం నేల కింద ఉంటుంది, వాన పడ్డాక గానీ బయటపడదు. అందుకని ఇప్పుడు ఎవరు పిలిచినా, చిన్న పొలమైనా సరే, ముందు ఒక గడిలో పని చేసి, వచ్చిన మోళ్ళను రైతు ఎదుట పెట్టి, దానికి పట్టిన సమయాన్ని బట్టి ధర మాట్లాడుతున్నాను. సంరక్షణ గంటకు డబ్బు ఇవ్వడానికి ఇష్టపడని చోట పని ఒప్పుకోవడం లేదు. కంప కాయలు రాలే కాలంలో బయటి మేకలను, పశువులను పొలంలోకి రానివ్వవద్దని కూడా చెబుతున్నాను. కాయ తిన్న మేక పెంటికలతోనే విత్తనం తిరిగొస్తుంది.

వంక అంచున ఉన్న ఒకటిన్నర ఎకరంలో మాత్రం మేము మిషన్ దింపలేదు. అక్కడ వాలు ఎక్కువ, మన్ను వదులు, గట్టును పట్టి ఉంచుతున్నవి ఆ కంప వేళ్ళే. ఒక్కసారిగా తీస్తే వంక పొలంలోకి తిరుగుతుందని నా భయం. అక్కడ కూడా అరవై మామిడి మొక్కలు పడతాయి కదా అని రైతుకు అసంతృప్తి ఉంది. ఆ అంచు వెంట కానుగ, వెదురు నాటించాం. అవి వేళ్ళూనుకున్న మేరకు ఏటా రెండు వరుసల కంప మాత్రం చేతిపనితో తీద్దామని మాట్లాడుకున్నాం. మొదటి రెండు వరుసలు పోయిన స్వాతి కార్తెలో తీశారు. వానలకు గట్టు నిలిచింది.